పటాల వేటలో స్కేలు పిన్ని

ఆవిడ సంచీలో ఎప్పుడూ ఒక ఉక్కు స్కేలు ఉండేది. పాత పుస్తకాల కొట్లో ఏ పుస్తకం చేతికొచ్చినా ముందు అట్ట కొలిచేది, తర్వాత పేజీ కొలిచేది, బైండింగు చేసినవాడు అంచులు ఎంత మేర కోసేశాడో అంచనా కట్టేది, ఆ తర్వాతే పుస్తకం పేరు చదివేది. అందుకని ఆ వీధి వీధంతా ఆవిడకు స్కేలు పిన్ని అని పేరు పెట్టేసింది. వయసులో ఆవిడకంటే పెద్దవాళ్ళు కూడా మొహమాటం లేకుండా పిన్నీ అనే పిలిచేవాళ్ళు.

నీటి సరఫరా కార్యాలయంలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి రిటైరయింది. ఆడవాళ్ళను మన్ అనడమేమిటని ఎవరైనా అడిగితే, ఆర్డరులో అలాగే కొట్టారు, జీతం మాత్రం నా చేతికే వచ్చింది కదా అని నవ్వేది. గొట్టాలూ తొట్లూ గీసి గీసి గడిచిన జీవితంలో పాత లెక్కల పుస్తకాలూ ఇంజనీరింగు పుస్తకాలూ కొనడం ఆవిడకున్న ఒకే ఒక్క వ్యసనం. లాగరిథమ్ పట్టికలు, ఆవిరి యంత్రాలు, కాలువల లాకులు, త్రికోణమితి, ఎవరూ అడగనివన్నీ ఆవిడకే కావాలి. ఈ ఇంట్లో తనకు మిగిలింది కుర్చీ ఒక్కటేననీ, దాని కింద కూడా ఏదో జ్యామితి దూరిందనీ ఆవిడ భర్త వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు. ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు.

ఆ పుస్తకాలన్నిట్లో పిన్నికి ప్రాణం ఒకదాని మీద. రాతి కమాను వంతెనలు కట్టడం గురించి వందేళ్ళ కిందట అచ్చయిన లావుపాటి పుస్తకం అది. ఆ రోజుల్లో అలాంటి పుస్తకాలు జంటగా వేసేవాళ్ళు. రాతంతా ఒక సంపుటంలో, పటాలన్నీ ఇంకో పెద్ద సంపుటంలో. చేతులు మారుతూ మారుతూ ఆ రెండూ ఎప్పుడో విడిపోయాయి. పిన్నికి దొరికింది రాత ఒక్కటే. చదువుతూ మంచి రసపట్టులోకి వచ్చేసరికి, కమాను కింద ఊతంగా నిలిపిన సెంట్రింగును ఎలా దించాలో పదకొండో పటంలో చూడండి అని ఉండేది. చూద్దామంటే పటమేదీ? ఫోనులో ఒకవైపు మాటలే వింటున్నట్టు ఏళ్ళ తరబడి ఆ పుస్తకం చదివింది. జంట సంపుటం కోసం తిరగని కొట్టు లేదు, అడగని మనిషి లేడు.

ఒకరోజు పొద్దున పిన్ని భర్త మనవరాలి ఫోటోకు ఫ్రేము కట్టించడానికి వెళ్ళొచ్చి, చెప్పులు విడుస్తూ, ఆ ఫ్రేముల కొట్లో ఏవో వంతెన బొమ్మలున్నాయోయ్, నీ సరుకులాగే ఉంది అన్నాడు. పిన్ని పొయ్యి మీద పాలు పొయ్యి మీదే వదిలేసి, ఆయన్ను మళ్ళీ స్కూటరు ఎక్కించింది.

వెళ్ళేసరికి ఫ్రేములవాడు బల్ల మీద ఇంత వెడల్పున పుస్తకం పరిచి, కుట్లు తెగ్గోసి, ఇనుప బద్ద ఆనించి, తర్వాతి పటం మీద కత్తి పెట్టబోతున్నాడు.

"నాయనా, ముందు ఆ కత్తి కింద పెట్టు," అంది పిన్ని. "పెట్టాక మాట్లాడుకుందాం."

ఆ గొంతులో ఏముందో గాని అతను పెట్టేశాడు. పిన్ని స్కేలు తీసి కొలిచింది. కాగితం ఎత్తు సరిపోయింది. అచ్చు వేసిన సంవత్సరం సరిపోయింది. మూలన ఉన్న పటాల సంఖ్యలు వరసగా చూసుకుంటూ పోయింది. కొన్ని లేవు. పదకొండోది అసలే లేదు.

పడగొట్టిన ఒక పాత బంగళా సామానులో ఆ పుస్తకం వచ్చిందని, నాలుగు బొమ్మలు అప్పుడే ఫ్రేము కట్టి అమ్మేశానని అతను చెప్పాడు. పాపం అతని తప్పేముంది, అతనికి అది పుస్తకం కాదు, బొమ్మల కట్ట. బేరం ఎక్కువసేపు సాగలేదు. మిగిలినదంతా పిన్ని కొనేసింది. అమ్మిన నాలుగూ ఫ్రేములవాడు తనే స్వయంగా బిగించి వచ్చాడు గనక ఎక్కడెక్కడున్నాయో గుర్తుచేసుకుని చెప్పాడు. మంగలి షాపు, బస్టాండు పక్క లాడ్జి, ఒక టైలరు ఇల్లు, పళ్ళ డాక్టరమ్మ ఆస్పత్రి.

మంగలి అడగ్గానే ఇచ్చేశాడు. కత్తి మెడ మీద ఉండగా గిరాకీలు ఆ బొమ్మకేసి తల తిప్పుతున్నారట. జలపాతం ఉన్న క్యాలెండరు ఒకటి తెచ్చిస్తే చాలన్నాడు. జలపాతం చూసి మాత్రం తల తిప్పరా అని ఆయన అడగబోతే పిన్ని మోచేత్తో పొడిచింది.

లాడ్జి మేనేజరు దగ్గర అంత తేలిగ్గా కుదరలేదు. గదిలో సామాను గది తీసుకున్నవాళ్ళకు తప్ప చూపించనన్నాడు. అయితే గది ఇవ్వు అంది పిన్ని. ఇద్దరూ తాళం చెవి పుచ్చుకుని మెట్లెక్కుతుంటే, పెళ్ళయిన ఇన్నేళ్ళకు ఇద్దరం కలిసి లాడ్జిలో దిగాం, అదీ వంతెన కోసం అని ఆయన గొణిగాడు. పిన్ని మంచం మీద చెప్పుల్లేకుండా నిలబడి పటం మొత్తం పరీక్షించి, కిందికి దిగొచ్చి, సముద్రం ఫోటో ఒకటి తెచ్చిస్తాను, దీనికంటే గది పెద్దదిగా కనిపిస్తుంది అని మేనేజరును ఒప్పించింది. టైలరు ఇంట్లో ఉన్న పటాన్ని గోడ పగులు కనబడకుండా అడ్డం పెట్టారు. పగులు పూడ్చిపెడితే పటం తీసుకుపొమ్మన్నారు. ఆయనే చొక్కా విప్పి, సిమెంటు కలిపి, రెండుసార్లు పూసి, మీద సున్నం కొట్టొచ్చాడు.

మిగిలింది పదకొండో పటం. అది పళ్ళ డాక్టరమ్మ దగ్గర గోడకు లేదు, పైన సీలింగుకు ఉంది. కుర్చీ వెనక్కి వాలిస్తే సరిగ్గా కళ్ళెదుట కనబడేలా స్క్రూలతో బిగించి ఉంది.

పిన్ని పన్ను చూపించుకునే వంకతో వెళ్ళింది. కుర్చీ వాలింది, దీపం వెలిగింది, నోరు తెరిచింది. పైన ఆ పటం. కమాను కింద కట్టెల సెంట్రింగు, ప్రతి గుంజ కిందా ఒక చిన్న పెట్టె, పెట్టెలో ఇసుక, పెట్టె అడుగున బిరడా. బిరడా తీస్తే ఇసుక మెల్లగా జారుతుంది, గుంజ మెల్లగా దిగుతుంది, రాళ్ళు అదురు లేకుండా ఒకదాని మీద ఒకటి ఆనుకుని వంతెన తన కాళ్ళ మీద తాను నిలబడుతుంది. ఇన్నాళ్ళూ ఆ వాక్యాలు చదివి చదివీ ఊహకందని సంగతి ఒక్క చూపులో తేలిపోయింది. చెబుదామంటే నోట్లో అద్దం, చేత్తో పైకి చూపిస్తే నొప్పేమోనని డాక్టరమ్మ చెయ్యి తీసేసింది.

"నొప్పి కాదమ్మా," అంది పిన్ని నోరు ఖాళీ కాగానే. "ఆ పటం నాది. అంటే, నా పుస్తకంలోది." మొదటినుంచీ కథంతా చెప్పింది.

డాక్టరమ్మ ఓపిగ్గానే విని తల అడ్డంగా ఊపింది.

"ఏమీ అనుకోకండి పిన్నిగారూ. ఆ బొమ్మ వచ్చాకే నా పేషెంట్లు కుదురుగా పడుకుంటున్నారు. ఆ కట్టెలు లెక్కపెట్టుకుంటూ సూది గుచ్చింది కూడా మర్చిపోతారు. అది తీసేస్తే సగంమంది లేచి వెళ్ళిపోతారు."

"మీకు కావలసింది బొమ్మ. నాకు కావలసింది ఆ కాగితం. నేను గీసిస్తాను, దీనికంటే పెద్దది. మీకు నచ్చకపోతే ఇది ఇక్కడే ఉంటుంది, మళ్ళీ అడగను."

"చేత్తోనే గీస్తారా?"

"చేత్తోనే."

సెలవు రోజున ఆస్పత్రిలోనే పటం దింపి, పక్కనే బల్ల మీద పెద్ద ట్రేసింగు షీటు పరిచి, స్కేలుతో కొలతలు పెంచుకుంటూ పిన్ని పని మొదలుపెట్టింది. రిటైరయ్యాక ఇంకు పెన్ను పట్టింది లేదు. మొదటి గీత పాములా పోయింది. బ్లేడు ముక్కతో గీకి, గోటితో నున్నగా రుద్ది, మళ్ళీ గీసింది. అదీ పోయింది. లేచి మంచినీళ్ళు తాగొచ్చి, ఊపిరి బిగబట్టి మూడోసారి గీస్తే దారం లాగినట్టు వచ్చింది. ఇక అక్కణ్ణించి చెయ్యి తన దారిన తాను పోయింది. రాయి పక్కన రాయి, గుంజ పక్కన గుంజ. పేషెంట్లకు ఇంకాస్త కాలక్షేపం కావాలని తన సొంత కల్పన కూడా చేర్చింది. సెంట్రింగు నీడలో కునుకు తీస్తున్న తాపీమేస్త్రి, గుంజ వాసన చూస్తున్న కుక్క, వంతెన మీద బోర్లా పడుకుని కిందికి తొంగిచూస్తున్న ఇంజనీరు.

అన్నీ అయ్యాక కుడివైపు కింది మూల మిగిలింది. ఆఫీసులో ఆ మూలన ఇంజనీర్ల సంతకాలు బారుగా ఉండేవి. గీసిన మనిషికి పొడి అక్షరాలు రెండు, అవీ భూతద్దంతో వెతుక్కోవాలి. పిన్ని ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఇంటిపేరుతో సహా తన పూర్తి పేరు, కుర్చీలో పడుకున్నవాళ్ళకు కళ్ళజోడు లేకపోయినా కనబడేంత పెద్ద అక్షరాలతో రాసింది.

కొత్త పటం పైకెక్కాక డాక్టరమ్మ తనే కుర్చీలో పడుకుంది. పిన్ని గోడవైపు చూస్తూ నిలబడింది. ఉన్నట్టుండి కుర్చీలోంచి నవ్వు వినిపించింది.

"కుక్క కూడా ఉందే," అంది డాక్టరమ్మ. లేచి, పాత పటాన్ని తన చేతులతోనే చుట్టి, పిన్ని చేతుల్లో పెట్టింది. ఇప్పుడు నాకు అసలు బొమ్మ దొరికింది, ఆ నకలు మీరు పట్టుకెళ్ళండి అంది. ఇంటికెళ్ళే దారంతా పిన్ని స్కూటరు వెనక కూర్చుని ఆ మాటనే తిప్పి తిప్పి చెప్పింది, ఆయన ప్రతిసారీ కొత్తగా విన్నట్టు ఊఁ కొట్టాడు.

బైండరు పటాలన్నిటినీ వరసలో పెట్టి, వెనక సన్నటి గుడ్డ అంటించి, గట్టిగా కుట్టిచ్చాడు. పిన్ని పక్కనే నిలబడి అంచు వెంట్రుకంత కూడా కొయ్యనివ్వలేదు. మర్నాడు పొద్దున్నే రెండు సంపుటాలూ పక్కపక్కన పెట్టుకుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలెట్టింది. చూడండి అన్నచోటల్లా చూసింది. మడత విప్పిన పటాలు బల్ల దాటి పోతుంటే ఆయన అవతలి కొస పట్టుకు నిలబడ్డాడు.

"ఈ ఇసుక పెట్టెలన్నీ ఒకేసారి విప్పాలా?" అడిగాడు ఆయన, మెడ వంచి చూస్తూ.

"ఒకేసారి. ఒక్కటి ముందు దిగినా కమాను పగులుతుంది."

"బిరడాలు తీసేవాళ్ళు అంతమంది ఒక్క మాట మీద ఎలా ఉంటారు?"

"తర్వాతి పటంలో ఉంది," అంది పిన్ని దర్జాగా. "జాగ్రత్తగా తిప్పండి."