బందున్న టీవీల పోలీసులు

కరెంటు లేని పగటిపూట కోడలు సుజాతను పిలిచి, "ఆ క్యాసెట్ బందు చెయ్యి, ఇన్‌స్పెక్టర్ ఒర్రుడుకు తల పలుగుతున్నది" అన్న.

"టీవీ ఏడ నడుస్తుంది అత్తమ్మా? కరెంటే లేదు" అన్నది. నాకు మాత్రం ఇనవడుతనే ఉన్నది.

మాది కోరుట్ల. నక్సలైట్ అన్నలు ఒక దిక్కు, పోలీసులు ఒక దిక్కు ఉన్న కాలం. మా తమ్ముడు దుబాయి నుంచి వీసీఆర్ తెచ్చిండు. దాంతోని ఏండ్లకేండ్లు నడిచిన హిందీ పోలీసు సీరియల్ క్యాసెట్లు సంచెడు. టీవీ ముందట కూసుండుడు నాకు గిట్టదు, గని దీన్ని ఇడువలేకపోయిన. మా దిక్కు మనిషి పోతే ఎవలు తీస్కపోయిన్రో, ఎందుకో, ఎవలూ చెప్పకపోయేది. అండ్ల క్యాసెట్ అయిపోయేలోపు ఎవడు చేసిండో తెలిసేది. సమజ్ కాకపోతే ఎనుకకు తిప్పి మల్ల సూడచ్చు.

ఆ ఒర్రుడు ఇనవడుడుకు కొన్ని దినాల ముందే, బీపీకి ఒంట్ల నీళ్లు, ఉప్పు బయటికి పంపే నీళ్ల గోలీ రాసిన డాక్టర్, ఉప్పు తగ్గించుమన్నడు. సగం సగం పనులు నాకు నచ్చయి. మొత్తమే బందు చేసిన. వాంతులు మొదలైనయి. ఆరెంపీ "నీరసం" అని గ్లూకోజ్ బాటిల్ ఎక్కిచ్చిండు. అటెన్క ఇంకా గడబిడ అయింది. వంటింట్ల నిలవడి, ఇది ఎవలిల్లు అని అడిగేదట.

సిరిసిల్లల బట్టలు నేసే సాంచెలు నడిపే నా కొడుకు రాజేశం నన్ను సూడనీకి అచ్చిండు. ఆ పొద్దే ఎస్సై ఇల్లిల్లు సోదా చేసుకుంట మా ఇంటికచ్చి, "అవ్వా, కొత్తోళ్లు ఎవలన్న అచ్చిన్రా?" అని అడిగిండు.

"అచ్చిన్రు. నా కొడుకే తుపాకి బియ్యం డబ్బల దాచిండు" అన్ననట. గది నేను ఒక క్యాసెట్ల సూసిన కత. డబ్బల బియ్యం తప్ప ఏం దొరకలే. అయినా రాజేశంను జీపు ఎక్కిచ్చిన్రు. జీపు నాకు యాదికున్నది, అండ్ల కొడుకు కూసున్నది యాదికి లేదు. "మంచిగ పట్టిన్రు" అని గూడ అన్ననట.

జీపు పోయినంక నాకు ఫిట్స్ అచ్చినయి. సుజాత జగిత్యాల దవఖానకు తీస్కపోయింది. బ్లడ్ టెస్టు సూసి డాక్టరమ్మ, "సోడియం బాగా పడిపోయింది. ఉప్పు తింటలేదా?" అన్నది.

"డాక్టరే వద్దన్నడట మేడం."

"తగ్గించుమంటరు గని, బందు వెట్టుమంటరా?"

సుజాత ఆమె చెయ్యి పట్టుకున్నదట. "గీ ముచ్చట ఎస్సైకి చెప్పున్రి మేడం. అత్తమ్మ క్యాసెట్ల కత చెప్తే మా ఆయనను ఠాణల పెట్టిన్రు."

డాక్టరమ్మ ఫోన్ చేసింది. "సోడియం పడిపోయి పేషెంట్‌ది కన్‌ఫ్యూజన్. క్యాసెట్‌ల సూసిన కథ చెప్పింది. ఆమె మాట పట్టుకోకండి." ఎస్సై ఆ క్యాసెట్ తెమ్మన్నడు. సుజాత ఇచ్చింది. రాజేశంను ఇడిసిన్రు, క్యాసెట్ మాత్రం మల్ల ఇయ్యలే.

"ఒక్కసారే పెంచొద్దు" అని ఐసీయూల సోడియం మెల్లమెల్లగ ఎక్కిచ్చిన్రు. నర్సమ్మను "నీది ఏ ఠాణ?" అని అడుగుతుంటినట. తెలివికి అచ్చేసరికి మంచం కాడ రాజేశం ఉన్నడు. జరిగిందంత సుజాత చెప్పింది. వాని పాదాలు వాచి ఉన్నయి.

"ఎవలు కొట్టిన్రురా?"

"ఎవలు కొట్టలే అవ్వా. సాంచెల కాడ నిలవడి నిలవడి వాచినయి."

గది నిజమో కాదో ఇప్పటికీ తెల్వదు. నేనన్నది నాకు యాదికి లేకపాయె, వాడు చెప్పకపాయె.

ఇప్పుడు గోలీ మార్చిన్రు. ఉప్పు చెప్పినంత తింటున్న. క్యాసెట్లు ఇంకా పెడుత. అండ్ల ఠాణల దొంగను అడుగుడు మొదలైతే, ఇంటికచ్చిన రాజేశం చెప్పులు తొడుక్కొని బయటికి పోతడు. నేను బందు చేస్త. ఎవడు చేసిండో తెల్వకుంటనే శాన క్యాసెట్లు మిగిలినయి.

నేను చెప్పేది ఒక్కటే. పెద్దోళ్లు ఉన్నట్టుండి తిక్కతిక్కగ మాట్లాడితే ముసలితనం అనుకోకున్రి, ఆ దినమే సోడియం టెస్టు చేపిచ్చున్రి. రిపోర్టు అచ్చేదాక పక్కనే కూసోన్రి. ఎవలేమడిగినా జవాబు మీరు చెప్పున్రి.