అత్తగారి చీకటిపెట్టె

అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు. ఆ ఉత్తమురాలినయ్యే యోగం నాకు లేదు. ఇంట్లోనూ అత్తగారే, పనిలోనూ అత్తగారే. మేమిద్దరం ఒకే గాజు కార్ఖానాలో పనిచేస్తాం. కార్ఖానా అంటే పెద్దదేమీ కాదు. పొడవాటి రేకుల షెడ్డు, గోడవారగా మంట బల్లలు, చివర నల్లగుడ్డ తెర కట్టిన ఒక మూల. కాలేజీల ప్రయోగశాలలకు కావలసిన గాజు గొట్టాలు, కుప్పెలు, లోపలి గాలి తీసేసి వాడే పాత్రలు చేస్తాం. వాటిని గడ్డిలో సర్ది పెట్టెల్లోకి ఎక్కించడం నా పని. మంట ముందు కూర్చుని గాజు అతకడం మా మామగారి పని. నల్లతెర వెనక కూర్చుని ఆయన పనికి వంకలు పెట్టడం మా అత్తగారి పని. దానికి జీతం కూడా ఇస్తారు!

తెర వెనక ఆవిడ సొంతంగా చేసుకున్న ఒక డబ్బా ఉంది. చీకటిపెట్టె అంటాం. నేను కాపురానికి రాకముందు ఇక్కడ ఒక పీడ ఉండేదట. సరుకు ఇక్కణ్ణుంచి బంగారంలా వెళ్ళేది, కొన్నాళ్ళకు అక్కడ అలమారలో ఎవరూ ముట్టుకోకుండానే పగిలేది. గాజు అతికేటప్పుడు ఒకచోట త్వరగా, ఇంకోచోట నిదానంగా చల్లారితే లోపల బిగువు ఉండిపోతుంది. అది కంటికి కనపడదు. "నా అతుకులో బిగువా? ఎవరో కింద పడేసి మనమీద పెడుతున్నారు" అని మామగారు కొట్టిపారేసేవారట. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

ఒకరోజు యజమాని తన కొత్త చలవ కళ్ళద్దాలు బల్లమీద మరిచిపోయి బయటికెళ్ళారు. మా అత్తగారు ఊరుకునే మనిషా? అవి పెట్టుకుని, నడుంమీద చేతులు వేసి, కంప్యూటరు ముందు అచ్చం ఆయనలాగే తల పక్కకి వంచి చూశారట. తల వంచగానే తెర నల్లబడింది. నిటారుగా పెడితే వెలిగింది. మరొకరైతే కళ్ళద్దాలు పాడయ్యాయనుకుని భయపడి తీసేసేవారు. ఈవిడ మాత్రం తల అలాగే వంచుకుని, చేతికందిన గాజు గొట్టం ఒకటి తెరకు అడ్డంగా పట్టుకున్నారు. అంత నలుపులోనూ అతుకు చుట్టూ తెల్లగా మెరిసింది, అంచున నీలం, పసుపు. ఆ గొట్టమే తర్వాత తనంతట తాను చిట్లింది.

పాత కంప్యూటరు తెరమీది పొర ఒకటి, విరిగిన చలవ కళ్ళద్దాల బిళ్ళ ఒకటి, మధ్యలో గాజు పట్టే చోటు, వెనక బల్బు. పెట్టె అంటే అంతే. అదేమిటని నేనడిగితే ఆవిడ కిటికీ చూపించారు. "వెలుతురు అన్ని వైపులా ఊగుతూ వస్తుందే. ఆ పొర కిటికీ ఊచల్లాంటిది. వెలుతురొక పళ్ళెమనుకో, నిలువుగా పట్టుకుంటేనే ఊచల్లోంచి దూరుతుంది. ముందు ఇంకో కిటికీ అడ్డ ఊచలతో పెట్టావనుకో, ఇంకెలా దూరుతుంది? చీకటే. మధ్యలో బిగువున్న గాజు ఉంటే అది పళ్ళేన్ని కాస్త పక్కకి తిప్పేస్తుంది. అందుకని అక్కడ వెలుగు కారుతుంది." కాబట్టి ఈ పెట్టెలో రంగులతో అందంగా కనిపించిందంటే పనికిరాని సరుకు. ఏమీ కనిపించకపోతేనే మంచిది. కోడల్ని కూడా అందులో పెట్టి చూసే తెచ్చుకున్నామని మా ఆయన వేళాకోళం. నోరు పడిపోను, ఆయనకదొక సరదా.

మామగారు మాత్రం ఆ పెట్టెలోకి ఒక్కసారీ తొంగి చూడలేదు. "నా పని నేను డబ్బాలో చూసుకోవాలా?" అనేవారు. కానీ ఆవిడ సుద్దముక్కతో ఇంటూ మార్కు వేస్తే మారు మాట్లాడకుండా ఆ వస్తువు పగలగొట్టేవారు. "ఇవాళెన్ని పగలగొట్టించావు?" అని భోజనాల దగ్గర అడిగేవారు. "మీరెన్ని పాడుచేస్తే అన్ని" అనేవారావిడ. వాళ్ళ సరసం అలా ఉండేది.

అలా ఉండగా ఒక పొద్దున్న మొహం కడుక్కుంటుంటే మామగారి ఎడమచేతిలోంచి చెంబు జారిపోయింది. ఆసుపత్రిలో పడుకుని లేచారు. మాట వచ్చింది, నడక వచ్చింది. ఎడమచేతికి పట్టు మాత్రం రాలేదు.

యజమాని మంచివారే. "ఒక పొడుగు పాత్ర చెయ్యండి. పెట్టెలో నెగ్గితే మీ బల్ల మీకే. లేకపోతే ముందు గదిలో కూర్చుని ఆర్డర్లు చూడండి, జీతంలో తేడా ఉండదు" అన్నారు. జీతం సంగతి ఎవరికి కావాలి? "మంట ముందు కూర్చోకపోతే నేనెవర్నమ్మా?" అన్నారు మామగారు నాతో.

సరుకును నిదానంగా చల్లార్చే మా కార్ఖానా పొయ్యిలో పొడుగు పాత్రలు పట్టవు. అతికాక మంటలోనే నిదానంగా తిప్పుతూ బిగువు తీయాలి. మామగారు చెమటలు కక్కుతూ చేశారు. పైకి చూస్తే చూడముచ్చటగా ఉంది. అత్తగారు తెర వెనక చాలాసేపు చూసి, సుద్దముక్క తీసి ఇంటూ మార్కు వేశారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "మీకసలు మనసుందా అత్తయ్యా? యజమాని కూడా చూసీచూడనట్టు పోయేవారు కదా!"

"ఇందులో గాలి తీసేస్తారే. బిగువున్నది ఫట్మని పేలుతుంది. ఎదురుగా ఎవరో పిల్ల మొహం దగ్గరగా పెట్టి చూస్తుంటుంది. మీ మామయ్య మనసు కోసం ఆ పిల్ల కళ్ళు తియ్యనా?" అని, తెర వెనక్కి వెళ్ళి రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చారు. నా నోటి దురుసు మీద నాకే అసహ్యమేసింది.

మామగారు ఆ పాత్రను పగలగొట్టకుండానే ఇంటికెళ్ళిపోయారు. ఇంట్లో ఇద్దరూ ఎడమొహం పెడమొహం. సెలవురోజు మధ్యాహ్నం అత్తగారు తాళాలు తీసుకుని మమ్మల్నిద్దర్నీ బయలుదేరదీశారు.

"రండి, మీరొకటి చూడాలి."

"ఏం చూడాలి? నేనోడిపోయింది చూడాలా?"

"అవును. దానితోపాటు ఇంకోటి కూడా చూడాలి."

సణుగుతూనే వచ్చారు. తెర వెనక ఆయన్ని కూర్చోబెట్టి, ఆ పాత్రనే పెట్టెలో పట్టుకుని దాని ఒంటికున్న పొడుగు అతుకు చూపించారు. "ఇదా నువ్విన్నాళ్ళూ చూసేది? బాగుందే!" అన్నారాయన అమాయకంగా.

"బాగుండకూడదండీ" అని, పాత్రను మెల్లగా జరిపి, పక్కగొట్టం అతికిన చోటు చూపించారు.

"ఇక్కడేం లేదే. బల్బు ఆరిపోయిందా?"

"వెలుగుతూనే ఉంది. పక్కగొట్టం కుడిచేత్తో పెట్టారు, ఆ అతుక్కి తిప్పుడు అక్కర్లేదు. దానికి వంక పెట్టడానికి నాకేం దొరకలేదు. పొడుగు అతుకు ఎడమచెయ్యి తిప్పాలి. అది ఆగి ఆగి తిరిగింది. పోయింది తిప్పే చెయ్యొక్కటేనండీ. చేసే చెయ్యి మీ దగ్గరే ఉంది."

ఆయన పెట్టెకు ఆనించిన నుదురు ఎత్తలేదు. భుజాలు కదులుతున్నాయి. నేను గోడవైపు తిరిగాను.

"తిప్పడానికి నేనొస్తాను" అన్నారు అత్తగారు.

"నువ్వా? ఎప్పుడన్నా గొట్టం పట్టావా?"

"పట్టలేదు. కానీ మీ తిప్పుడు తప్పితే ఎలా ఉంటుందో నాకన్నా ఎవరికి తెలుసు?"

చెయ్యి పెట్టినవాళ్ళు పెట్టెలో చూడకూడదని మా కార్ఖానా కట్టుబాటు. మరి చూసేదెవరు? ఇద్దరూ నావైపు తిరిగారు.

యజమాని ఇంకొక్క అవకాశం ఇచ్చారు. ఇక చూడాలి వాళ్ళ సాధన! ఒకే బల్ల ముందు భుజాలు రాసుకుంటూ కూర్చుని ఒకటే కీచులాట.

"నెమ్మదిగా... నెమ్మదిగా అంటే ఆగిపొమ్మని కాదు!"

"అరవకండి. నేను మీకు చెయ్యిగా వచ్చాను, చెవిటిదాన్ని కాదు."

సాధనలో చేసినవన్నీ నా దగ్గరికే వచ్చేవి. ఎంత తిప్పి చూసినా ఎక్కడో ఒకచోట మెరుపు. ఒక్కోదాని మీదా ఇంటూ మార్కు వేసి తిరిగిచ్చేదాన్ని. "కోడలు కసి తీర్చుకుంటోంది" అని మామగారు నవ్వేవారు. అత్తగారు మాత్రం "ఎక్కడుందో చెప్పు" అని అడిగి, మళ్ళీ వెళ్ళి కూర్చునేవారు.

పరీక్ష రోజు యజమాని నా పక్కనే నిలబడ్డారు. అత్తగారు పాత్ర తెచ్చి నా చేతికిచ్చారు. పొడుగు అతుకు ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి చూశాను. పక్కగొట్టం చూశాను. మళ్ళీ మొదట్నించీ చూశాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి తుడుచుకుని ఇంకోసారి చూశాను.

"ఏమే, చెప్పవేం? ఎక్కడుంది?" అన్నారు అత్తగారు.

"ఎక్కడా లేదు అత్తయ్యా."

మామగారు నన్ను పక్కకు జరిపి తనే పెట్టెలో చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత లేచి, మా అందరి ముందే, ఆ ఎడమచేతిని తీసుకెళ్ళి ఆవిడ అరచేతిలో పెట్టారు. ఆయన వేళ్ళు ముడుచుకోలేదు. ఆవిడ వేళ్ళే వాటిచుట్టూ మూసుకున్నాయి.

"వదలండి, అందరూ చూస్తున్నారు" అన్నారు అత్తగారు తల దించుకుని.

"నాకు పట్టెక్కడిది? పట్టుకుంది నువ్వే" అన్నారు మామగారు.