షామీర్‌పేటల జేసీబీ తొట్టె

"పెద్దమ్మా, నువ్వు రాకుంటే నేను పిల్లను తొట్టెల ఎయ్య!" అన్నది నా చెల్లె బిడ్డ లావణ్య ఫోన్‌ల. ఇరవై ఒక్కటో దినం తొట్టెల పండుగ, అదీ మా ఇంటి తొలి మనుమరాలిది. గంత మాటన్నంక ఇంట్ల ఎట్ల కూసుంట? ఆదివారం పొద్దుగాల్నే తానం జేసి, బీరువాలకెల్లి ఆకుపచ్చ పట్టుచీర తీసి కట్టిన. ఎనిమిదింటికి జీడిమెట్లల మేడ్చల్ బస్సెక్కిన. ఆధార్ జూపెడితే కండక్టరమ్మ సున్నా టికెట్ చింపి ఇచ్చింది. ఆడోల్లకు ఇప్పుడు కిరాయి బాధ లేదు, కూసునే జాగ దొరుకుడే కష్టం. నాకు కిటికీ పక్కనే దొరికింది. నసీబంటే నాదే.

కొంపల్లి దాటినంక ఒక బండి మా బస్సు పక్కకొచ్చింది. మొగుడు నడుపుతాండు. ఎనక ఒక దిక్కు కాల్లేసి కూసున్న పెండ్లాం ఒక చేతిల పసిగుడ్డు, ఇంకో చేతిల ఫోను. పిల్ల మెడ యాల్లాడుతాంది. బస్సు బస్సంతా "అయ్యయ్యో" అన్నది. నా పక్కన కూసున్న తాత ఊకోలేదు. "గీ కాలపోల్లకు బుద్ధి లేదమ్మా" అన్నడు.

"జర కిటికీలకెల్లి ఒర్రి చెప్పుదమా తాతా?" అన్న.

"మనకెందుకు బిడ్డా? ఆల్ల పిల్ల, ఆల్ల ఇష్టం."

నేను గూడ నోరు మూసుకున్న. బండి ముంగటికి పోయింది. మేడ్చల్ దాంక నా పానం ఆ బండి ఎనుకనే ఉరికింది.

మేడ్చల్ల దిగి రెండు ఇడ్లీలు తిని, చాయ్ తాగి, బజార్ల మనుమరాలికి కాళ్ల గజ్జెలు కొన్న. మీరు గిట్ల పోతే చెప్తున్న, షామీర్‌పేట బస్సు కోసం జర ఓపిక పట్టాలె. నాకు అర్ధగంట పట్టింది. తొవ్వ మాత్రం మస్తుంటది. ఒకప్పుడు ద్రాక్ష తోటలున్న జాగల ఇప్పుడు వెంచర్ల జెండాలు ఊగుతున్నయ్. షామీర్‌పేట చెరువు నిండుగున్నది, గాలి సల్లగ తాకుతాంది. పొద్దటి పరేషాన్ సగం అక్కడ్నే పోయింది.

పండుగ లావణ్య మామ యాదిరెడ్డి వెంచర్ల పెట్టిండ్రు. ఆయనకు భూముల యాపారం, రెండు జేసీబీలు. మనిషి మంచోడే గానీ, చేసేది పదిమందికి కనపడాలె. షామియానా ముంగట జేసీబీని బంతిపూలతోని పెండ్లిపిల్ల లెక్క ముస్తాబు చేసిండ్రు. మన్ను ఎత్తే తొట్టిల దూది పరుపు, దాని మీద పట్టుగుడ్డ. మీద డ్రోన్ గుయ్యిమంటాంది.

"ఏందన్నా గిది?" అని అడిగిన.

"మనుమరాలి ఎంట్రీ చెల్లె! జేసీబీ మీదికెల్లి పూలల్ల దిగుతది. మేడ్చల్ జిల్లాల ఎవ్వడు చెయ్యలే!"

ఇరవై ఒక్క దినాల పిల్ల, ఇంక మెడ గూడ నిలబడలే. లోపలికి పోతే లావణ్య పిల్లను ఎదకు అదుముకొని నా చెయ్యి పట్టుకున్నది. "పెద్దమ్మా, నాకు భయమైతాంది. ఈయనకు చెప్తే, బాపు ఇజ్జత్ పోతదంటుండు." పక్కన నిలబడ్డ ఆమె పెనిమిటి శ్రీకాంత్ తల వంచుకున్నడు. ఆయన గూడ భయపడుతున్నడని నాకు సమజైంది. పొద్దటి తాత మాట యాదికొచ్చింది. మనకెందుకు అనుకునుడు ఒక్కసారి చాలు.

బయటికొచ్చి ముత్తైదువల చెవులల్ల ఒక్కొక్కరికి చెప్పిన. తొట్టె కింది నుంచి, మీది నుంచి పిల్లను చేతులు మార్చే ఆచారం ఉంటది కద. ఐదుగురు అందుకుంటే అయిపోవాలె. ఆ పొద్దు తొట్టె లేకుంటనే మొదలువెట్టి, ఆపలే. యారాలు అత్తకు, అత్త మేనత్తకు, మేనత్త పక్కింటామెకు. పిల్ల షామియానా అంతా తిరుగుతాంది గానీ జేసీబీ దిక్కు పోతలేదు. అంత లొల్లిల గూడ మా మనుమరాలు నిద్రపోతనే ఉన్నది.

"ఇగ తేండ్రమ్మా, డ్రోన్ బ్యాటరీ అయిపోతాంది!" అని యాదిరెడ్డి ఒర్రిండు.

"తెస్తమన్నా. పిల్ల పోయే తొవ్వ ముందుగాల తాత చూసి రావాలె గద. నువ్వెక్కి దిగు, ఎనక పిల్లను ఇస్తం" అన్న. చుట్టాలంతా చప్పట్లు కొట్టిండ్రు. అంతమందిల కాదంటడా? తెల్లంగి సదురుకొని, మీసం దువ్వి ఎక్కిండు.

తొట్టి లేచింది. మొదాలు చెయ్యూపిండు. ఇంక జర లేవంగనే ఒక్క కుదుపు. రెండు చేతులతోని అంచు పట్టుకున్నడు. డ్రోన్ మొకం మీదికొచ్చింది, పూలు కండ్లల్ల పడ్డయ్. "దింపురా! అరే, దింపురా నాయినా!" అని మొత్తుకున్నడు. పిల్లగాండ్లు ఒకటే నవ్వుడు. నేను గూడ కడుపు పట్టుకొని నవ్విన, అబద్ధమెందుకు.

కింద దిగినంక ఆయన మొకం తెల్లబోయింది. గ్లాసెడు నీల్లు గటగట తాగిండు. ఈయన అలిగితే లావణ్య బతుకేంగావాలె? అప్పుడు మా చెల్లె చేతులల్ల ఉన్న మనుమరాలి దిక్కు జూసిండు. "ఎనబై కిలోల నన్నే గింత ఊపింది చెల్లె" అన్నడు మెల్లగ. ఎనక గట్టిగ, "తొట్టె ఏడున్నదే? మా అవ్వ ఊపిన కట్టె తొట్టె తేండ్రి!" అని నవ్విండు. శ్రీకాంత్ ఉరికి తెచ్చిండు. లావణ్య నన్ను పట్టుకొని ఏడ్సింది, నాకు గూడ కండ్లల్ల నీల్లొచ్చినయ్. జేసీబీ తొట్టిల పరుపు మీద ఎవలో గుమ్మడికాయ పెడితే దాన్నే లేపి వీడియో తీసిండ్రు.

మటన్, బగారన్నం తిని నాలుగింటికి వాపస్ బయలెల్లిన. బస్సుల కూసొని ఆలోచన చేసిన. పిల్ల మీద పావురం, ప్రేమ లేక గాదు, మురిపెం ఎక్కువై ఇంటోల్లకు కండ్లు కనపడవు. ఎంత చెప్పినా ఇనకుంటే పోలీసోల్లను పిలవాలె, అది వేరే ముచ్చట. దానికన్న ముందు మనకు నోరున్నది, చేతులున్నయ్. తిట్టి ఇజ్జత్ తీసే పని గూడ లేదు.

మేడ్చల్ల బస్సు మారినంక ఇసుకేస్తే రాలని మంది. ఒక పిల్లగాడు పసిబిడ్డను ఒక్క చేత్తోని ఎత్తుకొని మెట్టు మీదనే నిలబడ్డడు, తలుపు తెరిచే ఉన్నది. ఎనక అతని భార్య సంచులతోని. బస్సంతా మల్ల "అయ్యయ్యో" అన్నది.

నేను లేచి నిలబడ్డ. "ఓ బిడ్డా! పిల్లను ఇటియ్యి! అందరు జర చేతులందియ్యున్రి!"

ముందుగాల కండక్టరమ్మ చెయ్యి జాపింది. ఆమె చేతులకెల్లి ఒక కాలేజీ పోరి, ఆ పోరి చేతులకెల్లి ఒక ముసలవ్వ, ఆ అవ్వ చేతులకెల్లి మల్ల కూసున్న నా ఒడిల. అచ్చం తొట్టెల పండుగ లెక్క. పిల్ల నా మొకం జూసి బోసినవ్వు నవ్వింది. ఆ ఎంటనే నా ఒడి ఎచ్చగైంది.

"అయ్యో అమ్మా, పట్టుచీర!" అని తల్లి తలుపు కాడికెల్లి ఒర్రింది.

"చీరదేముంది బిడ్డా, పిండి ఆరేస్త. ముందుగాల నువ్వు లోపలికి రా" అన్న.