వాగులో ఎర్రనూలు

దయ్యాల మాటెత్తితే మా ఇంట్లో ముందు నవ్వేది నేనే. అద్దకం ఇంటి కోడల్ని. నీళ్లు ఎర్రబడితే ఏ రంగు కలిసిందో చూస్తాను తప్ప భయపడను. కానీ మానేరు దగ్గర విన్న ఆ కేకను మాత్రం నవ్వుతూ చెప్పలేను.

సిరిసిల్లలో మా మామ మగ్గాలవాళ్ల నూలుకు రంగు అద్దేవాడు. అద్దిన నూలును ఊరవతల వాగులో జాడించేవాళ్లం. కాస్త దిగువన ఆ వాగు మానేరులో కలుస్తుంది. అక్కడ ఇసుక మేటల మీద కొంగలు, మడుగులో నీటికుక్కలు, వాటితో పోటీపడి చేపలు పట్టే మల్లయ్య. నూలు ముంచేముందు "రంగు అత్తాంది" అని దిగువకు కేకేయడం అద్దకంవాళ్ల ఆనవాయితీ. రంగు వస్తోందని తెలిసి ఆడవాళ్లు గబగబా బిందెలు నింపుకునేవారు, మల్లయ్య వల ఎత్తేవాడు.

అవి అన్నల రోజులు. మల్లయ్య కొడుకు అన్నలతో అడవికి వెళ్లిపోయాడు. ఒకరోజు ఎగువన కాల్పులు జరిగాయని ఊరంతా గుసగుసలు. గట్టున పోలీసులు తిరుగుతున్నారు. కేకేస్తే ఎవరికి సైగ చేశావంటారోనని మామ నోరు మెదపకుండా ఎర్రనూలు జాడించాడు. పక్కన నేనూ ఉన్నాను.

కేక వినపడలేదు కాబట్టి, దిగువకు ఎర్రగా వచ్చిన ఆ నీళ్లలో ఉన్నది రంగని మల్లయ్యకు తట్టలేదు. కొడుకు పేరు పెట్టి అరుస్తూ ఎగువకు ఉరికాడు. ఆ అరుపు మాకూ వినిపించింది. వలతాడు కాళ్లకు చుట్టుకుని మడుగులో మునిగిపోయాడు.

మరుసటి వానాకాలం, మంచి ఎండ పూట, మామా నేనూ అక్కడే నీళ్లలో నిలబడి నూలు జాడిస్తున్నాం. దిగువ నుంచి కేక వినిపించింది.

"రంగు అత్తాంది, ఒడ్డెక్కుండ్రి."

మల్లయ్య గొంతే. కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. రెండు నీటికుక్కలు గట్టెక్కాయి. మామ నా రెక్క పట్టుకుని పైకి లాగాడు. అంతలోనే ఎర్రమట్టి వరద వచ్చి నూలంతా ఊడ్చుకుపోయింది. వీర్నపల్లి వైపు పెద్దవాన పడిందని తర్వాత తెలిసింది.

మామ గట్టు మీదే కూలబడి ఏడ్చాడు. "ఆనాడు నేను కేకెయ్యలే బిడ్డా. వాడు కేకేసిండు" అన్నాడు.

పక్షులకు, జంతువులకు వరద ముందే తెలుస్తుందంటారు. కావచ్చు. దిగువన మనిషన్నవాడు లేడు, మరి ఆ గొంతు ఎవరిదో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

మల్లయ్య కొడుకు తిరిగి రాలేదు. ఆ రోజు వాగు తెచ్చింది కొడుకు రక్తమేనని మల్లయ్య భార్య నమ్మకం. "ఆఖరికి నాయిన దగ్గరికన్న అచ్చిండు నా కొడుకు" అని నాతోనే చెప్పుకుంటుంది. అది మా నూలు రంగని మామ పోయేదాకా ఆమెకు చెప్పలేకపోయాడు. నేనూ ఇంకా చెప్పలేదు.