దగ్గుమందు సీసాలో తైలం

ఆ వీధిలో ఆమెను అందరూ జాగ్రత్తక్క అనేవారు. ఆ పేరు పెట్టింది ఆమె మామగారే. పొయ్యి ఆర్పి గదిలోకి వచ్చాక మళ్లీ వెనక్కి వెళ్లి చూసేది. తలుపు గడియ వేసి, ఒకసారి లాగి చూసి, నాలుగడుగులు వేసి, తిరిగొచ్చి మళ్లీ లాగేది.

"ఊడి చేతికొచ్చేదాకా లాగుతావా అమ్మాయ్?" అనేవాడు ఆయన. ఆమెకు నవ్వొచ్చేది కాదు.

ఆ భయం ఆమెకు పని దగ్గర పట్టుకుంది. మందుల దుకాణాలకు తైలాలు పంపే ఒక గోదాములో, వెనక గదిలో ఆమె పనిచేసేది. పెద్ద డబ్బాల్లో వచ్చే యూకలిప్టస్ తైలాన్ని గరాటు పెట్టి చిన్న గోధుమరంగు గాజు సీసాల్లోకి నింపి, మూత బిగించి, పేరు చీటీ అంటించాలి. చేరిన కొత్తలో తోటి పనామె ఒకతె తైలం తుడిచిన గుడ్డను టీ కాచే పొయ్యి పక్కన పడేసింది. భగ్గున లేచిన మంట ఆమె చేతిని మోచేతి దాకా కాల్చేసింది. ఆకుల్లోంచి తీసిన నూనె కాబట్టి ఆకంత సాధువైనదే అని అప్పటిదాకా అనుకున్న జాగ్రత్తక్కకు ఆ వారమంతా అన్నం సయించలేదు.

ఆ రోజే గోదాము మేనేజరు అందర్నీ నిలబెట్టి చెప్పాడు. "ఇది వాసన చూసినంతసేపే మందు. కడుపులోకి పోతే విషం. నిప్పు దగ్గర పెట్టొద్దు, ఎండ తగలనివ్వొద్దు. చల్లగా, చీకటిగా ఉన్నచోట పెట్టాలి. ప్లాస్టిక్ డబ్బాల్లో పోయొద్దు, మెత్తబడిపోతాయి. చీటీ లేని సీసా ఒక్కటి కూడా నాకు కనబడకూడదు."

ఆమె అవన్నీ తు.చ. తప్పకుండా పాటించింది. ఇంట్లోనూ అవే మాటలు మొగుడికి వల్లించేది.

మొగుడు మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసేవాడు. ముందుగదిలో కిటికీ పక్కనే అతని బల్ల. పాత మిక్సీల మీద ఏళ్ల తరబడి అంటుకుపోయిన స్టిక్కర్ల జిగురు యూకలిప్టస్ తైలంతో రుద్దితే ఇట్టే వదులుతుందని ఎవరో చెప్పారు. "ఒక్క సీసా తెచ్చిపెట్టవే" అని పదేపదే అడిగాడు. ఆమె మేనేజరును అడిగి ఒకటి కొనుక్కొచ్చింది. ఇస్తూ, "ఎండలో మాత్రం పెట్టకండి. చల్లగా, చీకటిగా ఉన్నచోట పెట్టండి" అని ఒకటికి రెండుసార్లు చెప్పింది.

కొన్నాళ్లకు ఆ సీసా బల్ల మీంచి పడి మెడ దగ్గర పగిలింది. మిగిలిన తైలాన్ని అతను చేతికందిన ఖాళీ సీసాలో పోశాడు. అది తండ్రి తాగేసిన దగ్గుమందు సీసా. బల్ల మీద పెట్టబోతే పెళ్లాం మాట గుర్తొచ్చింది. ఆ ఇంట్లో చల్లగా, చీకటిగా ఉండే చోటు ఒక్కటే. వంటగది గోడలో ఉన్న మందుల అలమర. అక్కడ పెట్టి, ఆ సంగతే మరిచిపోయాడు.

మామగారు ఒకప్పుడు దర్జీ. కళ్లు మసకబారి కుట్టుమిషను వదిలేశాడు గానీ నోటికి పదును తగ్గలేదు. ఆ వారం ఆయనకు జలుబు చేసి ముక్కులు మూసుకుపోయాయి, దగ్గు పట్టుకుంది. సాయంత్రం ఆమె పని నుంచి వచ్చేసరికి మంచం మీద కూర్చుని ఆపకుండా దగ్గుతున్నాడు. ఆమె చెప్పులైనా సరిగా విప్పకుండా వంటగదిలోకి వెళ్లి, అలమరలో చెయ్యిపెట్టి, దగ్గుమందు సీసా తీసింది.

ఆమెకు వాసన తెలియలేదు. రోజంతా ఆ తైలం మధ్యే ఉండి ఆమె ముక్కు దానికి ఎప్పుడో మొద్దుబారిపోయింది. ఆమె చీరకూ, జుట్టుకూ, చేతులకూ అదే వాసన. ఆయనకు ముక్కు పనిచేయడం లేదు. మొదటి చెంచా పోసింది. ఆయన గుటుక్కున మింగాడు. రెండోది కూడా నోట్లో పోస్తుండగా ఆమె చూపు చెంచా మీద పడింది. దగ్గుమందు చిక్కగా, సాగుతూ దిగుతుంది. ఇది నీళ్లలా జారిపోయింది.

"ఇదేం మందమ్మా, గొంతు మండిపోతోంది" అన్నాడాయన.

సీసాను వెలుతురుకేసి పట్టుకుని ముందుగదిలోకి పరుగెత్తింది.

"ఏవండీ, దీంట్లో ఏం పోశారు?"

అతను తలెత్తి సీసా వైపు చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆమెకు ఇక చెప్పక్కర్లేకపోయింది.

కేకలు విని పక్కింటావిడ వచ్చింది. "ఉప్పునీళ్లు పట్టించండి, కక్కేస్తే సరిపోతుంది" అంటూ తనే చెంబు అందుకుంది. మొగుడు తండ్రి తల పట్టుకున్నాడు. జాగ్రత్తక్క చెంబుకు చెయ్యి అడ్డుపెట్టింది. వాంతి గురించి మేనేజరు ఎప్పుడో ఏదో చెప్పాడు. చేయించమన్నాడా, వద్దన్నాడా? ఎంత తలబద్దలు కొట్టుకున్నా గుర్తురాలేదు.

"చెయ్యి తియ్యి! ఆయన చస్తే నీ పూచీయా?" అని అరిచాడు మొగుడు.

ఆమె తియ్యలేదు. రెండో చేత్తో మేనేజరుకు ఫోన్ చేసింది. అది మోగుతోంది, మోగుతోంది, ఎత్తడు. ఈలోగా మామగారి కళ్లు మత్తుగా వాలిపోతున్నాయి. తను చెయ్యి అడ్డుపెట్టిన ఈ కాస్త ఆలస్యమే ఆయన ప్రాణం తీస్తుందేమో అనిపించింది ఆమెకు.

మేనేజరు ఎత్తాడు. విషయం వినగానే, "వాంతి చేయించకండి. పైకొచ్చేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అది ఇంకా ప్రమాదం. తాగడానికేమీ ఇవ్వకండి. మగతగా ఉంటే పక్కకి తిప్పి పడుకోబెట్టి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. సీసా మర్చిపోకండి" అన్నాడు.

ఆటోలో మామగారి తల ఆమె ఒళ్లో ఉంది. దారిలో ఆయన ఒళ్లు ఒక్కసారిగా బిగుసుకుపోయి కొట్టుకోవడం మొదలుపెట్టింది. దవడలు బిగిశాయి. మొగుడు "నాన్నా, నాన్నా" అంటున్నాడు. ఆమె ఆయన్ను ఒక పక్కకు తిప్పి, తల సీటు కమ్మీకి కొట్టుకోకుండా రెండు చేతులూ అడ్డుపెట్టుకుని కూర్చుంది.

ఆసుపత్రిలో ఆయన్ను లోపలికి తీసుకెళ్లిపోయారు. కాసేపటికి డాక్టరమ్మ బయటికొచ్చి సీసా వాసన చూసి, "ఎవరిచ్చారు?" అని అడిగింది.

"నేనే."

"ఎంత?"

"రెండు చెంచాలు. పెద్ద చెంచాలు."

"దీనికి విరుగుడు మందంటూ లేదు. ఫిట్స్ ఆపాం, ఆక్సిజన్ పెట్టాం. ఊపిరి ఆగిపోకుండా కనిపెట్టుకుని ఉండాలి. రేపు పొద్దుటిదాకా ఏమీ చెప్పలేను." డాక్టరమ్మ అటు వెళ్లగానే గేటు దగ్గరి కానిస్టేబుల్ వచ్చాడు. విషం కేసు వస్తే వివరాలు అడగడం అతని పని.

"మీరెక్కడ పనిచేస్తారు?"

చెప్పింది.

"రోజూ ఈ తైలంతోనే పనా? మరి వాసన తెలియలేదా?"

"తెలియలేదండి. నా ముక్కుకి ఇది అలవాటైపోయింది."

నిజమే చెప్పింది. కానీ తన చెవులకే అది అబద్ధంలా వినిపించింది. అప్పటికే మొగుడి అక్కగారు వచ్చి ఉంది. "పొద్దస్తమానం దాంట్లోనే మునిగితేలేదానికి వాసన తెలియలేదా? ఎవరు నమ్ముతారే?" అంది.

"వదినా, ఆ సీసాలో..." అని ఆగి, జాగ్రత్తక్క మొగుడి వైపు చూసింది. అతను నేల చూపులు చూస్తున్నాడు. అతనే చెబుతాడని ఎదురుచూసింది. చెప్పలేదు. తను చెబితే తప్పించుకోడానికి మొగుడి మీదకు నెడుతోందంటారు. మామగారు పోతే తన సంగతేమిటి? జైలు గోడలు ఆమె కళ్లముందు కదిలాయి. మరుక్షణమే, లోపల ఆయన ఊపిరాడక గింజుకుంటుంటే తను తన గురించి ఆలోచిస్తున్నందుకు సిగ్గేసింది. లోపల్నుంచి నర్సు ఎవరొచ్చినా ఆమె ప్రాణాలు పైకి పోయేవి.

తెల్లవారాక ఆయన కళ్లు తెరిచాడని పిలిచారు. ముగ్గురూ వెళ్లారు, వెనకే కానిస్టేబుల్. మొహానికి ఆక్సిజన్ మాస్కు. మగత ఇంకా వదల్లేదు.

"పెద్దాయనా, ఏం జరిగింది?" అని అడిగాడు కానిస్టేబుల్.

ఆయన పెదాలు కదిలాయి. "అమ్మాయే పోసింది. మంటన్నా... పోసింది."

అక్కగారు గిరుక్కున తిరిగి తమ్ముణ్ణి చూసింది. జాగ్రత్తక్క మంచం కమ్మీ పట్టుకుంది. ఆయన మంటన్నది రెండు చెంచాలూ అయ్యాక; మగతలో ఆయనకు ముందువెనకలు కలిసిపోయాయి.

"సీసాలో పోసింది నేను" అన్నాడు మొగుడు. "తైలం సీసా పగిలితే నాన్న దగ్గుమందు సీసాలో పోశాను. అలమరలో పెట్టిందీ నేనే. తనకి చెప్పలేదు. రాయండి."

కానిస్టేబుల్ రాసుకున్నాడు. చాలా ప్రశ్నలే అడిగాడు గానీ చివరికి పొరపాటనే తేల్చాడు. అక్కగారు ఆ మాట విన్నాక గోడవారగా కూర్చుండిపోయింది. మధ్యాహ్నం ఒక టీ తెచ్చి మరదలి చేతిలో పెట్టింది.

మామగారు బతికాడు. కాస్త తైలం ఊపిరితిత్తుల్లోకి పోయినందువల్ల చాలా రోజులు జ్వరం, ఆయాసం. ఇంటికొచ్చాక మొగుడు అలమర ఖాళీ చేసి, పని సీసాలకని తన బల్ల కింద తాళం వేసే ఇనప్పెట్టె ఒకటి పెట్టుకున్నాడు. ఒకసారి అతను, "నన్ను తిట్టు, కొట్టు, మాట్లాడకుండా మాత్రం ఉండకు" అన్నాడు.

"ఆసుపత్రిలో మీరు మాట్లాడకుండా ఉన్నంతసేపు నేనేమైపోయానో మీకు తెలుసా?" అంది ఆమె. వాళ్ల మధ్య మాటలు మామూలు కావడానికి చాలాకాలం పట్టింది.

ఆమె గోదాము పని మానలేదు. కానీ మామగారికి మళ్లీ చెంచాతో మందు పొయ్యలేకపోయింది. సీసా తీసి, వెలుతురుకేసి పట్టి చూసి, మళ్లీ అక్కడే పెట్టేసేది. ఆయనే తడుముకుంటూ, చొక్కా మీద సగం ఒలకబోసుకుంటూ పోసుకునేవాడు. ఆమె గుమ్మంలో నిలబడి ఆయన గొంతు కదలడం చూసేది. మింగాక ఛాతీ పైకీ కిందకీ ఆడుతోందో లేదో చూసేది.

"బతికే ఉన్నానమ్మాయ్, వెళ్లి పడుకో" అనేవాడాయన.

ఆమె "ఆఁ" అనేది గానీ, ఆయన నిద్రలోకి జారుకుని గురక వినిపించేదాకా గుమ్మం వదిలేది కాదు.