చదవకుండా వదిలేసిన లైను

మా అవ్వ పోయి మూడేళ్లయింది. ఆమె గొంతు పెద్దది. ఎమ్మిగనూరులో మగ్గాల మధ్య పుట్టి, మగ్గాలకు కండెలు చుట్టుకుంటూనే ముసలిదైన మనిషి. ఆ చప్పుడులో చిన్నగా మాట్లాడితే ఎవరికి వినపడుతుంది? ఆదోనిలో ఉన్న నాకు రోజూ పొద్దున ఎనిమిదింటికి ఫోను చేసేది. నేను బట్టల కొట్లో పనికి బయల్దేరే హడావిడిలో ఉంటానని తెలిసే చేసేది. ఫోను చెవికి జానెడు దూరంలో పెట్టుకున్నా మాట స్పష్టంగా వినపడేది.

"తిన్నావా మే? ఏం తిన్నావు?"

తినకపోయినా "తిన్నానవ్వా" అనేదాన్ని. లేదంటే పది నిమిషాలు తిట్లు పడాలి. ఇంత చిన్న అబద్ధానికి ఏమవుతుందిలే అనుకునేదాన్ని.

అవ్వకు నాలుక పక్కన పుండు లేచినప్పుడు ఇంట్లో అందరం "వేడి చేసిందిలే" అన్నాం. మా ఎండలకు నోట్లో ఏం లేచినా వేడే. రెండు నెలలు మజ్జిగ, సబ్జా నీళ్లు తాగించాం. డిగ్రీ చదివిన నేనూ ఊరికి పోయినప్పుడల్లా తాగించాను. మిరపకాయ బజ్జీ లేనిదే బొరుగుల ఉగ్గాని ముట్టని మనిషి బజ్జీని పక్కకు నెడుతుంటే, "పళ్లు ఊడిపోయినాయా అవ్వా" అని ఎగతాళి కూడా చేశాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

అది క్యాన్సరని కర్నూలులో తేలింది. డాక్టరు నన్నొక్కదాన్నే పక్కకు పిలిచాడు. నాలుక మొత్తం, దాంతోపాటు గొంతులోని స్వరపేటిక కూడా తీసేయాలన్నాడు. ఇక మాట రాదని, ఆ సంగతి ఆమెకు అర్థమయ్యేలా ముందే చెప్పమని అన్నాడు. ఆపరేషనుకు మూడు రోజులుంది. అమ్మకూ అవ్వకూ చదువు రాదు కాబట్టి చెప్పాల్సింది నేనే.

మొదటి రోజు చెప్పలేదు. రెండో రోజూ చెప్పలేదు. అవ్వ మాత్రం వార్డులో పక్క మంచాలవాళ్ల ఊర్లు, కోడళ్ల సంగతులు అడుగుతూనే ఉంది. కోసిగి నుంచి వచ్చిన ఒకామె పొద్దున్నుంచి ఏమీ తినలేదని కేకలేసి, దగ్గర కూర్చుని ఇడ్లీ తినిపించింది. నేను వింటూ, ఇంకెన్ని గంటలు ఈ గొంతు అనుకునేదాన్ని.

మూడో రోజు సంతకం చేయాల్సిన కాగితం వచ్చింది. తెలుగులోనే ఉంది.

"సదువు మే. ఏం రాసినారు దాంట్లో?"

చదివాను. మత్తు గురించి చదివాను, రక్తం గురించి చదివాను. మాట్లాడే శక్తి పోతుందన్న లైను దగ్గర నా కళ్లు కింది లైనుకు దిగిపోయాయి. దిగిపోలేదు, నేనే దించాను.

"అంతేనా?"

"అంతే అవ్వా."

వేలిముద్ర వేసింది. ఆమెకు చెప్పారా అని డాక్టరు అడిగితే తలూపాను.

కట్లు విప్పాక అవ్వ నన్ను పిలవబోయింది. గాలి తప్ప ఏమీ రాలేదు. ఇంకోసారి నోరు తెరిచింది. తర్వాత నా ముఖంలోకి చూసింది. మందులు తెస్తానని చెప్పి బయటికి వచ్చేశాను.

అవ్వను ఇంట్లో దించి నేను ఆదోని వచ్చిన పదిహేను రోజులకు, పొద్దున ఎనిమిదింటికి, అవ్వ నంబరు నుంచి ఫోను మోగింది. అటు నుంచి మాట లేదు. అవ్వ కొడుకు, మా మామ, నేస్తున్న మగ్గం చప్పుడు మాత్రం వస్తోంది. ఏం అడుగుతోందో నాకు తెలుసు. "తిన్నానవ్వా, దోసె" అన్నాను. పెట్టేసింది. నెల రోజులు అలాగే సాగింది. ఎందుకు చెప్పలేదని నన్ను అడుగుతుందేమోనని రోజూ భయమేసేది. అడగడానికి ఆమెకు మాటే లేదని గుర్తొచ్చి ఇంకా భయమేసేది.

ఒక రోజు తిన్నానని చెప్పబోతే వేరే మాట వచ్చింది.

"ఆ కాయితంలో ఒక లైను సదవలేదవ్వా నేను. మాట పోతాదని నాకు ముందే తెలుసు."

మగ్గం చప్పుడు కాసేపు వినిపించింది. ఫోను కట్టయింది.

మర్నాడు ఎనిమిదైంది, ఎనిమిదింబావైంది. ఫోను రాలేదు. నేను చేస్తే స్విచ్చాఫ్. మామ ఎత్తలేదు. కొట్టుకు రానని చెప్పి ఎమ్మిగనూరు బస్సెక్కాను. దారి పొడవునా కిటికీ కడ్డీ వదల్లేదు. అవ్వకేమైనా అయిందేమోనని ఒక భయం. ఏమీ కాలేదు, నేనే అక్కర్లేకుండా పోయానేమోనని ఇంకో భయం. రెండోదే పెద్దదని ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

అవ్వ రాట్నం ముందు కూర్చుని ఉంది. కిటికీలో ఫోను ఆఫయి ఉంది. ఛార్జింగు అయిపోయిందో, తనే ఆపేసిందో అడగలేదు. చాలాసేపు నన్ను చూసింది. తర్వాత ఐదు వేళ్లూ ముడిచి నోటి దగ్గర పెట్టుకుని తల ఎగరేసింది. తిన్నావా?

"లేదవ్వా. తినలేదు."

లేచి స్టవ్ వెలిగించింది. బొరుగులు నానబెట్టి, నీళ్లు పిండేసి, ఉల్లిపాయలు, మిరపకాయలు వేయించి, ఉగ్గాని చేసి నా ముందు పెట్టింది. తను ముక్కులో గొట్టంతో గంజి తాగే మనిషి, రుచి చూసే దారి లేదు. ఎట్లుందని చెయ్యి తిప్పింది. మొదటి ముద్దే ఉప్పుకశం. బాగుందనబోయాను.

"ఉప్పు ఎక్కువైందవ్వా. నోట్లో పెట్టుకోలేకపోతాండా."

అవ్వ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. అవ్వ నవ్వుతోంది. చప్పుడు లేకుండా, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వి, నా గిన్నె లాక్కుని ఇంకో రెండు గుప్పెళ్ల బొరుగులు కలిపింది.