బొట్టు నిలవని కారు

మా చిన్నప్పుడు... దసరా వస్తోందంటే మా ఇంట్లో అందరికన్నా ముందు తలంటు కారుకే.

మార్కాపురంలో మా వీధి చివర పలకల ఫ్యాక్టరీలు ఉండేవి. రాయి కోసిన బూడిదరంగు దుమ్ము గాలికి వచ్చి అన్నిటి మీదా కూర్చునేది... ఆరేసిన బట్టలు, మూత పెట్టడం మరిచిన చెంబు, అన్నిటికన్నా ముందు నాయన కారు. పైగా అది ముదురు నీలం. రైలు దిగిన యాత్రికులను శ్రీశైలం తీసుకెళ్లి తీసుకురావడం నాయన పని. స్టేషన్ బయట ఎన్ని కార్లున్నా జనం మెరిసేదాని దగ్గరికే పోతారని ఆయన గట్టి నమ్మకం. అది నిజం కూడా.

కడగడం అంత తేలికైన పని కాదు. బోరు నీళ్లతో కడిగి వదిలేస్తే ఆరగానే తెల్లటి ఉప్పు మరకలు తేలేవి. అందుకని సబ్బు నీళ్లన్నీ బోరువి, చివర్లో మాత్రం గంగాళంలో పట్టిపెట్టిన మంచినీళ్లు... అమ్మ చూస్తుంటే కాస్త తక్కువ, చూడకపోతే కాస్త ఎక్కువ. అవి ఆరేలోపు పాత పంచె ముక్కలతో తుడిచేయాలి. ఆ తుడవడంలో నాకూ నాయనకూ పోటీ.

అంత కడిగినా అరచెయ్యి ఆనిస్తే గరగరమనేది. రాతి దుమ్ము రంగును కరుచుకుని ఉండేది. ఏటా హైదరాబాదు నుంచి వచ్చే యాత్రికుడు ఒకాయన ఉండేవాడు. కార్ల సామాను దుకాణం ఆయనది. ఆ ఏడు నాయనకు ఒక మట్టి ముద్ద, ఒక మైనం డబ్బా ఇచ్చి వెళ్లాడు.

ఆ ముద్ద మన బంకమట్టి కాదు, సాగుతుంది. కారు మీద సబ్బు నీళ్లు చల్లి దానితో మెల్లగా రుద్దితే కంటికి కనబడని గరుకంతా దానికి అంటుకుని వచ్చేస్తుంది. మురికి పట్టాక మడిచి, శుభ్రమైన వైపు తిప్పుకోవాలి. కింద పడిందా, ఇక పారేయడమే... ఇసుక అంటుకుని గీతలు పడతాయి.

అవ్వ, అంటే నాయన వాళ్లమ్మ, అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తోంది. "ఏందిరా, కారుకు నలుగు పెడ్తన్నావా? నీ పెండ్లికి నీకు గూడా ఇంతసేపు పెట్టలేదు" అంది.

నాయన వినిపించుకోలేదు. మైనం పలచగా పూసి, ఆరనిచ్చి, మెత్తటి గుడ్డతో గుండ్రంగా తిప్పుతూ తుడిచాడు. సాయంత్రానికి బానెట్‌లో మా మిద్దె, దాని మీద కాకులు, పళ్లూడిన నా నవ్వు... అన్నీ కనబడ్డాయి.

మర్నాడు ఆయుధపూజ. పొద్దుటి రైలుకు దిగే కుటుంబం ఒకటి నాయన కోసం చూస్తుంటుంది. అవ్వ గంధం కలుపుకొచ్చి బానెట్ మీద అద్దింది. జారిపోయింది. మళ్లీ అద్దింది... మళ్లీ జారింది. పసుపు చిక్కగా కలిపి పెడితే చుక్కలుగా విడిపోయి కిందికి కారింది. కుంకుమైతే అంటుకోనే లేదు.

నాకు నవ్వొచ్చింది. అవ్వ ముఖం చూసి ఆపుకున్నాను.

అంతకుముందు వానాకాలంలో, శ్రీశైలం దారిలో దోర్నాల దాటాక ఘాట్ మలుపులో ఆ కారు జారి కొండను గుద్దుకుంది. నాయన చెయ్యి విరిగింది. అదే లోయ వైపు జారి ఉంటే... ఆ మాట మా ఇంట్లో ఎవరూ పూర్తి చేసేవాళ్లు కాదు. అప్పటినుంచి అవ్వ బొట్టు పెట్టందే కారు వాకిలి దాటేది కాదు.

"ఈ పొద్దు పోవద్దురా. బొట్టు నిలవని బండి ఘాటెక్కగూడదు" అంటూ అవ్వ కారుకు అడ్డంగా నిలబడింది.

"మైనం పూసినాను గదమ్మా, అందుకే జారతాంది. రైలొచ్చే టైమైంది" అన్నాడు నాయన.

"అంత నున్నగా ఎవురు చేయమన్నారు నిన్ను?"

ఇద్దరిదీ ఒకటే మొండితనం. తప్పుకోమనే ధైర్యం నాయనకు లేదు, తప్పుకునే ఉద్దేశం అవ్వకు లేదు. ఆమెది కోపం కాదు, భయం. అది చూసి నాకూ భయమేసింది.

ఇంతలో అమ్మ వచ్చింది. "పూసింది మీరే గదా, ఆమె పెట్టే కాడ మటుకు తుడిచెయ్యండి. యాడ పెడతావత్తా, చూపించు" అంది.

అవ్వ వేలు పెట్టి చూపించింది. నాయన గుడ్డను పెట్రోల్లో తడిపి అక్కడ రూపాయి బిళ్లంత మేర మైనం తుడిచేశాడు. ముందురోజంతా పడ్డ కష్టం కదా... ప్రాణం చివుక్కుమనే ఉంటుంది. గంధం నిలిచింది. దాని మీద కుంకుమా నిలిచింది. అవ్వ పక్కకు జరిగి "మెల్లగా పోయి రా" అంది. ఆ రోజు నాయన తిరిగొచ్చేదాకా అరుగు మీదనుంచి లేవలేదు.

ఇక ఎప్పుడు మైనం పూసినా నాయన ఆ కాస్త చోటు వదిలి చుట్టూ పూసేవాడు. ఎండకు అక్కడ రంగు వెలిసిపోయింది. స్టేషన్ దగ్గర తోటి డ్రైవర్లు "ఏందన్నా, కారుకు బట్టతల వస్తాంది" అని ఆటపట్టించేవారు. "అది మా అమ్మ జాగాలే" అనేవాడు.

అవ్వ పోయాక కూడా అంతే. ఆ జాగా వదిలే పూసేవాడు. అక్కడ బొట్టు పెట్టమని అమ్మను అడగలేదు... తనూ పెట్టలేదు.

ఆ కారు అమ్మేసి చాలా ఏళ్లయింది. ఇప్పుడు మా ఊళ్లోనూ నురుగు చిమ్మి కడిగే షాపులు వచ్చాయి. మొన్న నా కారు ఇస్తే కడిగి, ముద్ద రుద్ది, మైనం పట్టించి మధ్యాహ్నానికల్లా ఇచ్చేశారు. ఇంటికి తెచ్చి నాయనకు చూపించాను. చుట్టూ తిరిగి చూశాడు. అరచెయ్యి ఆనించి చూశాడు. "బాగా చేసినారు" అన్నాడు. బానెట్ దగ్గర కాసేపు నిలబడి, "జాగా మాత్రం వదల్లేదే" అన్నాడు.

మీ ఇంట్లో బండికి బొట్టు పెట్టి పంపేది ఎవరో చెప్పండి, వినాలని ఉంది... మా కారు ఇప్పుడు అంతటా ఒకేలా మెరుస్తోంది. పొద్దున్నే బయల్దేరితే, పోవద్దని అడ్డం నిలబడేవాళ్లే లేరు.